కాలం చూసుకుని అడవికి: ప్రకృతి ఫోటోగ్రాఫర్ ఏడాది ప్రయాణాలు ఎలా ప్లాన్ చేసుకోవాలి

ప్రకృతి ఫోటోల మీద మోజు మొదలైన కొత్తలో అందరూ ముందు లెన్స్ కొంటారు. ఆ తర్వాత ఎక్కడో ఒక అద్భుతమైన ఫోటో చూసి, ఆ చోటు పేరు వెతికి, సెలవు దొరికిన వారానికి టికెట్లు బుక్ చేస్తారు. తీరా వెళ్లాక చూస్తే సరస్సు ఎండిపోయి ఉంటుంది, లేదా పక్షులు వెళ్లిపోయి నెల దాటి ఉంటుంది, లేదా ఆకులన్నీ ముందు వారమే రాలిపోయి ఉంటాయి. చోటు అదే, గైడ్ మంచివాడే, కెమెరా కూడా మంచిదే. వారం తప్పింది, అంతే.

రైతు కార్తె చూసుకుని విత్తనం వేసినట్టు, ఈ పనిలో కాలం చూసుకుని కాలు బయట పెట్టాలి. ఏడాది మొత్తాన్ని ముందు కాగితం మీద పరుచుకుని, అందులోంచి ప్రయాణాలు ఏరుకోవడం ఎలాగో వరుసగా చెప్తాను. కెమెరా బటన్ల సంగతి ఇందులో తక్కువే ఉంటుంది. అవి ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు.

1. చోటు కాదు, ఘట్టం ఎంచుకోండి

"అలాస్కా వెళ్తాను" అనుకుంటే అది విహారయాత్ర. "జులైలో బ్రూక్స్ జలపాతం దగ్గర, ఏటికి ఎదురీదుతూ పైకి ఎగిరే సాల్మన్ చేప కోసం నోరు తెరుచుకుని నిలబడిన ఎలుగుబంటిని తీస్తాను" అనుకుంటే అది ఫోటో ప్రయాణం. మొదటిదానికి ఏ తేదీ అయినా సరిపోతుంది. రెండోదానికి కొన్ని వారాలే పనికొస్తాయి.

కాబట్టి ముందు ఒక వాక్యం రాయండి. అందులో మూడు సంగతులుండాలి: ఎవరు లేదా ఏది, ఏం జరుగుతుండగా, ఏ వెలుగులో. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా మీ ప్లాన్ ఇంకా తయారు కాలేదన్నమాట. టికెట్ల జోలికి పోకండి.

ఒకే చోటు రెండు కాలాల్లో రెండు వేరే లోకాలని మర్చిపోవద్దు. బొలీవియాలో సలార్ దె ఉయుని అనే ఉప్పు మైదానం ఉంది. 3,650 మీటర్ల ఎత్తులో, దాదాపు 10,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. జనవరి నుంచి మార్చి వరకు వానలు పడి పల్చటి నీటి పొర నిలిస్తే ఆకాశం మొత్తం కింద కనిపిస్తుంది. ఎండు నెలల్లో వెళ్తే ఆ అద్దం ఉండదు, ఉప్పు పగుళ్లతో ఏర్పడ్డ ఆరు పలకల గళ్లు కనుచూపు మేరా కనిపిస్తాయి. రెండూ బాగుంటాయి. కానీ ఒకటి కావాలనుకుని రెండోదాని కాలంలో వెళ్లినవాళ్లు నిరాశగానే తిరిగొస్తారు.

2. తేదీ వెనకున్న కారణం పట్టుకోండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. చాలామంది ప్లాన్లు చెడేది ఇక్కడే.

టూరిస్టు పుస్తకాల్లో "వెళ్లడానికి మంచి సమయం" అని ఒక పెట్టె ఉంటుంది. అది సాధారణ పర్యాటకులకు హాయిగా ఉండే కాలం. మీకు కావలసింది హాయి కాదు. ఆ ఘట్టం ఎందుకు జరుగుతుందో తెలిస్తే, ఎప్పుడు జరుగుతుందో మీరే లెక్క వేసుకోగలుగుతారు.

బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టానే తీసుకోండి. అక్కడ నీళ్లు నిండుగా ఉండాలంటే వానాకాలంలో వెళ్లాలని ఎవరైనా అనుకుంటారు. కానీ డెల్టాను నింపే వాన అక్కడ పడదు. అంగోలా ఎత్తు ప్రాంతాల్లో పడిన వాన నీరు నెలల తరబడి నెమ్మదిగా కిందికి పాకుతూ వస్తుంది. అది వచ్చి నిండేసరికి జూన్ నుంచి ఆగస్టు, అంటే డెల్టాలో చుక్క వాన పడని కాలం. చుట్టూ నేల ఎండిపోయి, మధ్యలో నీరు నిండి ఉంటుంది కాబట్టే జంతువులన్నీ అక్కడికి చేరతాయి. నది దారి తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది, వాన లెక్కలు మాత్రమే చూసినవాళ్లు నెల తప్పుతారు.

అమెరికాలోని యోసెమిటీ జాతీయ పార్కులో హార్స్‌టెయిల్ జలపాతం ఇంకా గట్టి పరీక్ష పెడుతుంది. ఫిబ్రవరి మధ్య నుంచి చివరి దాకా, సాయంత్రం సూర్యుడు కుంగే కోణం సరిగ్గా కుదిరితే ఆ నీటి ధార నిప్పు ధారలా కనిపిస్తుంది. 1973లో గాలెన్ రోవెల్ తీసిన ఫోటోతో దానికి పేరొచ్చింది. దీనికి మూడు కుదరాలి. సూర్యుడి కోణం, అది క్యాలెండర్ చెప్తుంది. ధారలో నీరు, అది పైన మంచు ఉండి, పగలు కరిగేంత వేడి ఉంటేనే వస్తుంది. పడమటి దిక్కున మబ్బు లేకపోవడం, దాన్ని ఆ సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేరు. మొదటిది మాత్రమే చూసుకుని ఒక్క సాయంత్రానికి వెళ్తే అది లాటరీ. వారం ఉండేలా వెళ్తే, ఆ ఏడాది మంచు బాగా పడిందో లేదో ముందే చూసుకుంటే, అప్పుడు అది ప్లాన్.

శరదృతువు ఆకుల రంగులకూ ఇలాంటి లెక్క ఉంది. పగటి పొద్దు తగ్గేకొద్దీ ఆకులో పత్రహరితం విరిగిపోతుంది, అప్పటిదాకా లోపల దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అలా కాదు, అది అప్పటికప్పుడు ఆకులో కొత్తగా తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి చలి, కానీ గడ్డకట్టేంత చలి కాదు అన్నట్టుంటే ఎరుపు బాగా వస్తుంది. మీకు పసుపు అడవి చాలనుకుంటే తేదీ కాస్త నమ్మదగినదే. ఎర్రటి అడవి కావాలంటే ఆ రెండు మూడు వారాల వాతావరణం చూస్తూ ఉండాల్సిందే.

పాత తేదీల్ని గుడ్డిగా నమ్మకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. క్యోటోలో చెర్రీ పూల రికార్డులు తొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్నాయి. 2021లో అక్కడ పూలు మార్చి 26న నిండుగా విరిశాయి. అప్పటిదాకా ఉన్న 1,200 ఏళ్ల రికార్డుల్లో అంత ముందుగా ఎప్పుడూ విరియలేదు. పదేళ్ల కిందటి గైడ్ పుస్తకంలో ఉన్న వారం ఈ రోజు సరైన వారం కాకపోవచ్చు.

మరి ఎలా తెలుసుకోవాలి? పక్షుల కోసమైతే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఒక ప్రాంతాన్ని ఎంచుకుంటే ఏ పక్షి ఏ వారంలో ఎంత తరచుగా కనిపించిందో పట్టీలుగా చూపిస్తుంది. ఉచితమే. మంచు గీత ఎక్కడిదాకా దిగింది, చెరువులో నీరుందా అన్నది సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో చూడొచ్చు. ఐదారు రోజులకోసారి కొత్త చిత్రం వస్తుంది, అదీ ఉచితమే. కొన్ని పార్కుల్లో వెబ్‌క్యామ్‌లు ఉంటాయి. వీటన్నిటికంటే నమ్మకమైనది అక్కడ ఉండే గైడ్‌కో, అటవీ సిబ్బందికో చేసే ఫోన్. అయితే "ఎప్పుడు రావాలి?" అని అడగకండి, ఎప్పుడైనా రమ్మంటారు. "పోయిన ఏడాది మొదటి గుంపు ఏ వారంలో దిగింది? ఈ ఏడాది వానలు ముందా, వెనకా?" అని అడగండి.

3. ఏడాదిని ఒక పెద్ద కాగితం మీద గీయండి

ఫోన్ యాప్ వద్దు. పెద్ద కాగితం తీసుకుని పన్నెండు గళ్లు గీసి గోడకు అంటించండి. మీకు ఆశ ఉన్న ఘట్టాలన్నీ వాటి వారాల్లో రాయండి. ఉదాహరణకి:

జనవరి, ఫిబ్రవరి: హొక్కైడోలోని కుషిరో ప్రాంతంలో మంచులో ఎర్రతల కొంగలు. ఫిబ్రవరిలోనే టాంజానియాలో సెరెంగెటి దక్షిణాన, న్డుటు అనే మైదానాల్లో వైల్డ్‌బీస్ట్‌ల (ఎద్దులా కనిపించే పెద్ద జింకల) ఈనిక. చాలా దూడలు రెండు మూడు వారాల వ్యవధిలోనే పుడతాయి, ఆ గడ్డి మైదానం చుట్టూ చీతాలు, హైనాలు కాపు కాస్తుంటాయి.

ఫిబ్రవరి, మార్చి: ఒడిశాలో గహిర్‌మఠ, రుషికుల్య తీరాల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల సామూహిక గుడ్లు. ఇది ప్రతి ఏడాదీ జరగదు. జరిగితే సుమారు ఏడు వారాల తర్వాత పిల్లలు బయటికొస్తాయి, అంటే ఒకే ఘట్టానికి రెండు అవకాశాలు. మార్చి రెండో సగంలో అమెరికాలోని నెబ్రాస్కాలో ప్లాట్ నది ఇసుక తిన్నెల మీద 5 లక్షలకు పైగా శాండ్‌హిల్ కొంగలు.

ఏప్రిల్ నుంచి జూన్: మధ్య భారతంలోని పులుల అడవులు. ఎండకు ఆకు రాలి, నీటి గుంటలు కొన్నే మిగిలి, పులి ఎటు తిరిగినా నీటికి రాక తప్పని కాలం. వానలు మొదలయ్యాక అక్కడి కోర్ ప్రాంతాలు సెప్టెంబర్ చివరి దాకా మూసేస్తారు.

జులై నుంచి అక్టోబర్: కెన్యా, టాంజానియాల్లో పారే మారా నదిని దాటే వైల్డ్‌బీస్ట్‌లు. బ్రెజిల్‌లోని పాంటనాల్‌లో, పోర్టో జోఫ్రే చుట్టుపక్కల నది ఒడ్డున జాగ్వార్‌లు.

నవంబర్ నుంచి మార్చి: మెక్సికో కొండల్లో ఒయామెల్ ఫిర్ చెట్లను కప్పేసే మోనార్క్ సీతాకోకచిలుకలు. చలిగా మబ్బుగా ఉంటే కొమ్మల మీద గుత్తులుగా ఉండిపోతాయి. ఎండ తగిలితేనే ఎగురుతాయి, కాబట్టి ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో ఎండ ఉన్న రోజులు మేలు.

కాగితం నిండాక కొట్టేయడం మొదలుపెట్టండి. ఇది కష్టమైన పని. ఏడాదికి రెండు పెద్ద ప్రయాణాలు చాలు. ఉద్యోగం, ఇల్లు ఉన్నవాళ్లకు అంతకు మించి కుదరవు, కుదిరినా మనసు నిలవదు. పది రోజులు దొరికితే మూడు చోట్లు తిరగాలనిపిస్తుంది. వద్దు. ఒక్క చోటే పది రోజులు ఉండండి. మొదటి మూడు రోజులు ఎవరైనా తీసే ఫోటోలే మీరూ తీస్తారు. ఆ తర్వాతే మీ కంటికి వేరే సంగతులు ఆనడం మొదలవుతుంది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని ఊరికే అనలేదు.

రెండు పెద్ద ప్రయాణాలతో పాటు మూడోది ఒకటి రాసుకోండి: మీ ఇంటికి గంట దూరంలో ఉన్న చెరువో, గుట్టో, తీరమో. నెలకోసారి అక్కడికే వెళ్లాలి. నా లెక్కలో మూడింటిలోకీ విలువైనది ఇదే. అక్కడ ఒక ఏడాది తిరిగితే మంచు ఎన్నింటికి విడిపోతుందో, కొంగ ఏ గట్టున వాలుతుందో, గాలి ఎటు తిరిగితే నీళ్లు నిలకడగా ఉంటాయో తెలుస్తుంది. ఆ చూపు అలవాటైతే సెరెంగెటిలోనూ పనికొస్తుంది.

4. సూర్యుడు, చంద్రుడు: వెలుగు లెక్క

వారం దొరికింది. ఇప్పుడు గంట దొరకాలి.

సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల పైన ఉన్నప్పటి నుంచి 4 డిగ్రీల కిందికి వెళ్లేదాకా బంగారు వెలుగు. అక్కడి నుంచి 6 డిగ్రీల కిందికి దిగేదాకా నీలి వెలుగు. ఇది అందరికీ తెలిసిందే. ఆ వెలుగు ఎంతసేపుంటుందన్నది మాత్రం మీరు భూమి మీద ఎక్కడున్నారో దాన్ని బట్టి మారుతుంది. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు నిట్టనిలువుగా దిగిపోతాడు. 6 డిగ్రీల నుంచి దిగంతానికి చేరడానికి అరగంట కూడా పట్టదు. సెరెంగెటిలో టీ తాగి వద్దాంలే అనుకుంటే వెలుగు అయిపోతుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ సూర్యుడు ఏటవాలుగా జారుతాడు, అదే వెలుగు గంటల తరబడి ఉంటుంది.

నార్వేకి ఉత్తరాన స్వాల్‌బార్డ్‌లో ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా సూర్యుడు అస్తమించడు. అయితే ఆ నాలుగు నెలలూ రాత్రంతా బంగారు వెలుగే అనుకోకండి. జూన్ చివర అర్ధరాత్రి కూడా సూర్యుడు దాదాపు 12 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, వెలుగు బాగుంటుంది కానీ బంగారం కాదు. ఆ రంగు కావాలంటే ఏప్రిల్ చివర లేదా ఆగస్టులో వెళ్లి, పగలు నిద్రపోయి, రాత్రి పని చేయాలి.

చంద్రుడి లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. పౌర్ణమి నాడు చంద్రుడు దాదాపు సూర్యాస్తమయం వేళకే ఉదయిస్తాడు. కొండలతో కలిపి తీయాలంటే పౌర్ణమి కంటే ముందు రోజు మేలు, అప్పుడు చంద్రుడు పైకొచ్చేసరికి నేల మీద ఇంకా వెలుగు మిగిలి ఉంటుంది. పౌర్ణమి తర్వాత అయితే రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యం, కొండలు నల్లటి ముద్దలైపోతాయి. అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1948 సెప్టెంబర్ 15న యోసెమిటీలోని గ్లేషియర్ పాయింట్ నుంచి తీసిన చంద్రోదయం ఫోటోకి తేదీ, సమయం డొనాల్డ్ ఆల్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త బృందం ఆ ఫోటోలోని నీడల్ని, చంద్రుడి స్థానాన్ని బట్టే లెక్కగట్టింది. చంద్రుడి దశలు 19 ఏళ్లకోసారి అవే తేదీల్లో మళ్లీ వస్తాయి. అలా మూడు చుట్లు తిరిగాక అదే దృశ్యం 2005 సెప్టెంబర్ 15న మళ్లీ కుదురుతుందని చెప్తే జనం కెమెరాలు పట్టుకుని అక్కడికి చేరారు. ఇప్పుడైతే ఫోటోపిల్స్ లాంటి యాప్ ఈ లెక్క నిమిషంలో చెప్పేస్తుంది. ఏ రోజు ఏ శిఖరం వెనక చంద్రుడు లేస్తాడో ఇంట్లోనే చూసి రాసుకోండి.

నక్షత్రాలు కావాలంటే అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజులు. పాలపుంత నడిబొడ్డు ఉత్తరార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి అక్టోబర్ మధ్యే కనిపిస్తుంది. నక్షత్రాలు గీతలుగా సాగకుండా ఉండాలంటే 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, అన్ని సెకన్లే షట్టర్ తెరవాలంటారు. ఎక్కువ మెగాపిక్సెళ్ల కెమెరాలకు 300తో లెక్క వేయడమే క్షేమం. 20 ఎంఎం లెన్స్‌కి 15 సెకన్లు.

5. అనుమతులు

త్వరగా చెప్పేస్తాను. మంచి వారాలకు పర్మిట్లు, బస నెలల ముందే అయిపోతాయి, కాబట్టి విమానం టికెట్ కంటే ముందు పర్మిట్ చూసుకోండి. డ్రోన్ గురించి అడగకుండా సంచిలో పెట్టుకోకండి. అమెరికా జాతీయ పార్కుల్లో 2014 నుంచి నిషేధం ఉంది, చాలా దేశాల్లో అడవుల మీద ఎగరనివ్వరు. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు "పులిని చూపిస్తా, గ్యారంటీ" అనేవాణ్ని వదిలేసి, "మధ్యాహ్నం నీటిగుంట దగ్గర నాలుగు గంటలు కూర్చుంటారా?" అని మిమ్మల్నే ఎదురు ప్రశ్న అడిగేవాణ్ని పట్టుకోండి.

6. కాలాన్ని బట్టి సంచి

చలి దేశాలకు: లిథియం బ్యాటరీ చలికి నీరసపడుతుంది. మైనస్ 20 డిగ్రీల్లో సగానికి సగం ముందే చేతులెత్తేయొచ్చు. స్పేర్ బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి తగిలేలా పెట్టుకోండి. అయిపోయిందనుకున్న దాన్ని పారేసినట్టు పక్కన పెట్టొద్దు, జేబులో కాసేపు వెచ్చబడ్డాక మళ్లీ కొంత పని చేస్తుంది. చేతికి ముందు పల్చటి గ్లవ్, దాని మీద మందపాటిది వేసుకోండి. ట్రైపాడ్ కాళ్లకు ఫోమ్ చుట్టకపోతే లోహాన్ని పట్టుకున్న ప్రతిసారీ వేళ్లు మండుతాయి. వ్యూఫైండర్‌లో చూస్తూ ఊపిరి వదిలితే ఆ ఆవిరి అద్దం మీద గడ్డకడుతుంది, గాలి కిందికి వదలడం అలవాటు చేసుకోండి. లెన్స్ మీద పడ్డ మంచు పొడిని నోటితో ఊదకుండా రబ్బరు బ్లోయర్‌తోనే తీయండి.

అసలు ప్రమాదం బయట కాదు, గదిలోకి వచ్చాక. చల్లటి కెమెరా వెచ్చటి గాలిలోకి రాగానే లోపలా బయటా నీటి బిందువులు పడతాయి. గది తలుపు తీయకముందే కెమెరాని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి తీసేసి మూసేయండి. రెండు మూడు గంటలు అలాగే వదిలేస్తే తడి కవర్ మీద పడుతుంది. ఇంకో మాట: కవర్లో పెట్టకముందే మెమరీ కార్డ్ తీసుకోండి. లేకపోతే ఫోటోలు చూడాలన్న ఆత్రంతో గంట లోపలే కవర్ విప్పేస్తారు.

వానకు: ఖరీదైన రెయిన్ కవర్ ఉంటే సరే, లేకపోతే పెద్ద ప్లాస్టిక్ సంచికి లెన్స్ మూతి మేర కన్నం చేసి రబ్బరు బ్యాండ్ వేస్తే చాలు. లెన్స్ తుడిచే గుడ్డలు ఒకటి కాదు, నాలుగైదు ఉండాలి, మొదటిది పది నిమిషాల్లో తడిసిపోతుంది. పోలరైజర్ ఫిల్టర్‌ని నీలాకాశం కోసమే అనుకుంటారు చాలామంది. వాన అడవిలో దాని పని ఇంకా ఎక్కువ: తడి ఆకుల మీది తెల్లటి మెరుపును తీసేసి ఆకుపచ్చను బయటికి తెస్తుంది. వాన చినుకులు ఫోటోలో కనిపించాలంటే వెనక నల్లటి చెట్ల గుబురు ఉండేలా నిలబడాలి. తెల్లటి ఆకాశం ముందు వాన కనిపించదు.

ఎడారికి, వేసవికి: గాలి వీస్తున్నప్పుడు లెన్స్ మార్చకండి. ఇసుక పడ్డ లెన్స్‌ని గుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి, ముందు బ్లోయర్. ట్రైపాడ్ చివరి గొట్టాన్ని కొంచెం బయటికి లాగి నిలబెట్టండి, బిగింపు ఇసుకకు పైన ఉంటుంది. ఎండెక్కాక నేల నుంచి లేచే వేడి గాలి దూరపు బొమ్మను వణికిస్తుంది. ఎంత ఖరీదైన టెలి లెన్స్ అయినా దాన్ని సరిచేయలేదు. ఫోకస్ పాడైందని కెమెరాను తిట్టుకోకుండా, ఉదయం తొమ్మిది లోపే పని ముగించండి.

7. మొదటి రోజు కెమెరా బయటికి తీయకండి

పూర్తిగా కాకపోయినా, కనీసం మొదటి ఉదయం. ఎండ ముందు ఎక్కడ పడుతుంది, నీడ ఎటు జరుగుతుంది, గాలి ఎటు నుంచి వస్తుంది, జంతువుల అడుగులు ఎటు వెళ్తున్నాయి, ఇవి రాసుకోండి. ఒక చోటు చూపిస్తే ఇది ఎందుకో తెలుస్తుంది.

నమీబియాలో డెడ్‌వ్లే అని తెల్లటి బంకమట్టి పల్లం ఉంది. చుట్టూ ఎత్తైన ఎర్రటి ఇసుక దిబ్బలు, నడుమ వందల ఏళ్ల కిందట చచ్చి, కుళ్లకుండా ఎండి నిలబడిన మోడులు. పొద్దున ఎండ ముందుగా దిబ్బ మీద పడుతుంది, అది నారింజ రంగులో వెలిగిపోతుంది. పల్లం ఇంకా నీడలోనే, నీలంగా, మసకగా ఉంటుంది. అప్పుడు టెలి లెన్స్‌తో మోడుల్ని ఆ దిబ్బకు అడ్డంగా పెట్టి తీస్తే ఫోటోనా, గోడ మీద వేసిన బొమ్మా అని చూసినవాళ్లు తికమకపడతారు. ఆ నీడ గీత దిబ్బ మీద నుంచి దిగుతూ దిగుతూ పల్లాన్ని చేరేదాకే ఆ ఆట. మోడుల మీద ఎండ పడిందంటే అయిపోయింది. మొదటి ఉదయం ఆ గీతను ఊరికే చూసి, అది ఏ మోడును ఎన్నింటికి తాకిందో రాసుకున్నవాళ్లు, రెండో ఉదయం కాళ్లు పరుగెత్తించకుండా ఒకే చోట నిలబడి పని చేస్తారు.

8. కూర్చోండి, కాస్త సెట్టింగులు చూసుకోండి

కుషిరోలో ఒతోవా వంతెన మీద తెల్లవారకముందే ఫోటోగ్రాఫర్లు బారులు తీరతారు. కొంగలు రాత్రి నదిలో, లోతులేని నీళ్లలో నిలబడి నిద్రపోతాయి. గాలి కంటే నీరు వెచ్చగా ఉంటుంది కాబట్టి చలి బాగా ముదిరిన ఉదయం నది మీంచి పొగమంచు లేస్తుంది, ఒడ్డు కొమ్మలకు అది అంటుకుని తెల్లగా గడ్డకడుతుంది. చలి చాలని రోజు కొంగలుంటాయి కానీ పొగమంచు ఉండదు. అందుకే అక్కడ ముందు రాత్రి చూసుకోవాల్సింది పక్షుల సంఖ్య కాదు, థర్మామీటర్. పొద్దెక్కాక మేత మైదానాల్లో సూర్యుడికి ఎదురుగా, వెనక నల్లటి చెట్లు ఉండేలా నిలబడితే, కొంగ కూసినప్పుడు దాని ముక్కులోంచి వచ్చే ఆవిరి కూడా ఫోటోలో పడుతుంది.

మంచులో కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ మోసపోతుంది. తెల్లదనాన్నంతా బూడిద రంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని ఒకటి నుంచి ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) పెంచి, హిస్టోగ్రామ్, అంటే వెలుగునీడల గ్రాఫ్, కుడి అంచుకు తగలకుండా చూసుకోండి. ఎగిరే పక్షికి సెకనులో 2,000వ వంతు, గుంపు కదలికను చెరిపినట్టు తీయాలంటే 30వ వంతు. రా ఫైల్‌లో, అంటే కెమెరా మార్పులు చేయని అసలు ఫైల్‌లో తీయండి. ఇంతకంటే సెట్టింగుల గొడవ అక్కర్లేదు.

మారా నది దగ్గర మందలు గట్టు మీదికి వచ్చి, నిలబడి, వెనక్కి తిరిగి వెళ్లిపోతాయి. మళ్లీ వస్తాయి. పక్క గట్టున ఏదో జరుగుతోందని రేడియోలో వినగానే జీపులన్నీ అటు పరుగెడతాయి. మీరు కదలకండి. ఇంజిన్ ఆపించి, కిటికీ మీద బీన్ బ్యాగ్ పెట్టుకుని, వెలుగు బాగున్న గట్టునే ఉండండి. ఆ రోజు ఏమీ జరగకపోవచ్చు కూడా. పది రోజులు పెట్టుకోమన్నది అందుకే.

9. ఎంత దూరంలో ఆగాలి

నియమాలు ముందే చదువుకోండి. అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో ఎలుగుబంట్లు, తోడేళ్లకు కనీసం 91 మీటర్ల దూరం, మిగతా జంతువులకు 23 మీటర్లు. స్వాల్‌బార్డ్‌లో 2025 నుంచి ధ్రువపు ఎలుగుబంటికి 300 మీటర్లు, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా అయితే 500 మీటర్లు. అంటార్కిటికాలో పెంగ్విన్‌లకు 5 మీటర్లు, దానంతట అదే మీ దగ్గరికొస్తే కదలకుండా ఉండాలి.

నియమం లేని చోట జంతువే చెప్తుంది. మేస్తున్నది తలెత్తి మిమ్మల్నే చూస్తోందా, చెవులు మీ వైపు తిప్పిందా, పక్షి మెడ సాగదీసి రెట్ట వేసిందా, అయితే ఇంకో అడుగు వేశారంటే లేచిపోతుంది. అది చేస్తున్న పని మీ వల్ల ఆగిందంటే మీరు అప్పటికే దగ్గరికొచ్చేశారు. నెమ్మదిగా వెనక్కి తగ్గండి. నేల మీద గూడు కట్టే చిన్న పక్షి రెక్క విరిగినట్టు నటిస్తూ కుంటుతుంటే సంబరపడి క్లిక్ చేయకండి, మీ కాళ్ల దగ్గరే గుడ్లున్నాయని అర్థం. వచ్చిన దారినే చూసుకుంటూ వెళ్లిపోండి.

ఎర వేయడం, ఫోన్‌లో పక్షి కూత వినిపించి పిలవడం, గూడుకు అడ్డొచ్చిన రెమ్మను విరిచేయడం, ఈ మూడూ వద్దు. ఆ రెమ్మ గూటికి నీడ, గద్ద కంటి నుంచి చాటు. తాబేళ్ల తీరంలో ఫ్లాష్, తెల్లటి టార్చ్ రెండూ నిషిద్ధం. పిల్లలు వెలుతురు ఎక్కువున్న వైపే సముద్రమనుకుని నడుస్తాయి, మీ టార్చ్ వాటిని గట్టు వైపు లాగేస్తుంది.

10. రాత్రి పని, తిరిగొచ్చాక పని

ఎంత అలసటగా ఉన్నా ఆ రోజు కార్డులు రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించాకే పడుకోండి. రెండూ ఒకే సంచిలో ఉంటే సంచి పోయినప్పుడు రెండూ పోతాయి. ఒకటి మీ దగ్గర, ఒకటి తోటివారి దగ్గర.

ఆ తర్వాత ఐదు నిమిషాలు నోటు పుస్తకం. తేదీ, ఉష్ణోగ్రత, గాలి, ఏది ఎన్నింటికి కనిపించింది, ఎండ ఏ గట్టును ఎన్నింటికి తాకింది. "చాలా బాగుంది" లాంటి మాటలు రాయకండి, వచ్చే ఏడాది వాటితో పని ఉండదు. "పూలు సగమే విరిశాయి, ఇంకో ఆరు రోజులు కావాలి" అన్న ముక్క మాత్రం బంగారం.

ఇంటికొచ్చిన వెంటనే ఫోటోలు ఏరడానికి కూర్చోవద్దు. చలిలో గంటలు నిలబడి తీసినదంతా గొప్పగా కనిపిస్తుంది, ఎందుకంటే మీకు ఆ చలి గుర్తుంది. చూసేవాళ్లకు ఫోటోయే కనిపిస్తుంది, చలి కనిపించదు. ఓ నెల ఆగి ఏరండి. ఒక ప్రయాణానికి పన్నెండు మిగిలితే ఎక్కువే. ఈలోగా నోటు పుస్తకంలోని వారాల్ని గోడ మీది కాగితంలోకి ఎక్కించి, తప్పిన వారాల్ని సరిదిద్ది, మళ్లీ వెళ్లాలనుకున్న చోటుకు పర్మిట్ ఎప్పుడు తెరుస్తారో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

ఫోటోల్ని బయటికి పంపే ముందు జీపీఎస్ వివరాలు తీసేయండి. గూళ్లు, గుహలు, అరుదైన మొక్కల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎక్కడ తీశారని ఎవరైనా అడిగితే పార్కు పేరు చెప్తే చాలు. ఏ నెలలో వెళ్లాలో, ఏ గంటకు అక్కడ ఉండాలో మాత్రం ఎంత వివరంగా చెప్పినా ఫర్వాలేదు.